కీవెనాలో స్నోమొబైల్: ఎక్కడ దిగాలి, బండి ఎవరి దగ్గర తీసుకోవాలి, ఆగిపోతే ఏం చెయ్యాలి

మిషిగన్‌లో ఉంటూ చలికాలమంతా ఇంట్లో కూర్చుని వాతావరణాన్ని తిట్టుకునే మన తెలుగువాళ్లకి నేనిచ్చే సలహా ఒకటే: ఒక్కసారి కీవెనా వెళ్లి రండి. రాష్ట్రం పై కొసన లేక్ సుపీరియర్‌లోకి పొడుచుకొచ్చిన ద్వీపకల్పం అది. ఒకప్పుడు రాగి గనులకు పేరు. గనులన్నీ ఎప్పుడో మూతపడ్డాయి, ఇప్పుడు ఊళ్లను పోషిస్తున్నది చాలావరకు మంచే. సరస్సు మీదుగా వచ్చే చలిగాలి దారిలో తేమ తాగి, ఈ కొండలు తగలగానే అంతా దించేస్తుంది. యూఎస్-41 రోడ్డు పక్కన మంచు లెక్క చూపించే ఎత్తైన బోర్డు కూడా ఉంది. 1978–79 చలికాలంలో పడిన 390.4 అంగుళాలు అక్కడి రికార్డు. దాదాపు 10 మీటర్లు!

డెట్రాయిట్ వైపు నుంచి కారులో కీవెనాలోని పెద్ద ఊరు హోటన్ చేరడానికి ఒక పగలంతా పడుతుంది. మధ్యలో మాకినా వంతెన, 5 మైళ్ల పొడవు. గాలి ఎక్కువగా ఉంటే వేగం తగ్గించమంటారు, పక్కన కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుంటారు. మాతో వచ్చింది మా బావమరిది, వాళ్లావిడ. అద్దెకి రెండు స్నోమొబైళ్లు, అంటే ముందు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్‌తో మంచు మీద పరుగెత్తే బళ్లు, ఒక్కోదాని మీద ఇద్దరేసి.

బస విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలు. ఆడవాళ్లు కాపర్ హార్బర్ అన్నారు. ఫొటోల్లో చూస్తే ఎవరైనా అదే అంటారు. యూఎస్-41 అక్కడ మొదలై మయామీ దాకా పోతుంది, చుట్టూ అడవి, ముందు సరస్సు. కానీ చలికాలంలో ఆ ఊళ్లో తెరిచి ఉండే హోటళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఫోన్ సిగ్నల్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లకి, మొదటిసారి బండి ఎక్కేవాళ్లకి నా ఓటు హోటన్‌కే. ఆస్పత్రి, వాల్‌మార్ట్, పెట్రోలు అన్నీ దగ్గర. గది ముందు నుంచే ట్రైల్, అంటే స్నోమొబైళ్లు పోయే దారి, ఎక్కగలిగే మోటెళ్లు ఉన్నాయి. అలాంటిది దొరికితే రేటు కాస్త ఎక్కువైనా తీసుకోండి, బండిని ట్రెయిలర్ మీద ఎక్కించి దించే బాధ ఉండదు. బూట్లు, గ్లవ్స్ ఆరబెట్టుకునే చోటు ఉందా అని కూడా అడగండి. తడి గ్లవ్స్‌తో పొద్దున్నే బయల్దేరితే ఆ రోజు పోయినట్టే.

హోటన్‌లో ఉండటానికి ఇంకో కారణం లిఫ్ట్ బ్రిడ్జి. హోటన్‌నీ హాంకాక్‌నీ కలిపే రెండంతస్తుల వంతెన, 1959 నాటిది. కింది అంతస్తు రైలు కోసం కట్టారు. 1982లో రైలు ఆగిపోయింది. ఇప్పుడు చలికాలం వచ్చిందంటే ఆ కింది అంతస్తు స్నోమొబైళ్లది. పైన కార్లు, కింద మనం. మా బావమరిదికైతే ట్రిప్పు మొత్తంలో నచ్చింది ఇదే.

ఇక అసలు సంగతి, బండి అద్దె. ఏ షాపువాడైనా గంట రేటు, రోజు రేటు, హెల్మెట్ ఫ్రీయా కాదా అన్నవి గడగడా చెప్తాడు. మీరు అడగాల్సింది వేరే ఉంది: "అడవి మధ్యలో ఆగిపోతే ఎవరొస్తారు, ఎంత తీసుకుంటారు, ఎన్నింటి దాకా ఫోన్ ఎత్తుతారు?" మేం బండ్లు తీసుకున్న షాపు పేరు చెప్పను గానీ, ఈ మూడింటికీ వాళ్ల జవాబు ఒకటే: "అలా ఏమీ కాదులెండి."

సరిగ్గా అదే అయింది. కాపర్ హార్బర్ చూసుకుని తిరిగి వస్తుంటే వెనక బండి ఇంజన్ గట్టిగా అరిచింది, బండి మాత్రం ముందుకు రాలేదు. బెల్టు తెగింది. స్నోమొబైల్లో ఇంజన్ శక్తి ట్రాక్‌కి చేరేది ముందు క్లచ్‌కీ వెనక క్లచ్‌కీ మధ్య తిరిగే ఒకే ఒక్క రబ్బరు బెల్టు మీదుగా, మన యాక్టివాలో ఉండే ఏర్పాటే. హుడ్ కింద స్పేర్ బెల్టు పెట్టడం రివాజు. తీసి చూస్తే అంచులు నలిగిపోయి ఉంది, ఎవరో వాడేసి మళ్లీ అక్కడే పెట్టారు. అయినా వేశాం. కాసేపటికే కాలిన రబ్బరు వాసన, ఆ తర్వాత అదీ పోయింది. మా బావమరిది హుడ్ లేపి చూపించాడు. క్లచ్ చుట్టూ నల్లటి దారాలు బిగుసుకుపోయి ఉన్నాయి, వేలితో లాగితే రావడం లేదు.

ఫోన్లలో సిగ్నల్ లేదు. ఐఫోన్ 14 నుంచీ శాటిలైట్ మెసేజ్ సౌకర్యం ఉంది, కానీ దానికి పైన ఆకాశం కనపడాలి. చెట్ల కింద నిలబడి ఎంతసేపు తిప్పినా లాభం లేదు. కాస్త ఖాళీ జాగాకి నడిచాక షాపుకి మెసేజ్ వెళ్లింది. ప్రాణం మీదకి వస్తే 911, బండి ఆగితే షాపు. ఈ రెండూ కలపకండి.

ఆ ట్రైళ్ల మీద ఒక మంచి అలవాటు ఉంది. ఆగి ఉన్న బండిని చూసి ఎవరూ ఊరికే వెళ్లిపోరు, వేగం తగ్గించి బొటనవేలు పైకెత్తి బాగానే ఉన్నారా అని అడుగుతారు. అలా ఆగిన గుంపులో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, దిగీ దిగగానే కత్తి తీసి ఆ దారాలన్నీ కోసేశాడు. ఆగిన బండిని ఇంకో బండికి కట్టి లాగే ముందు బెల్టు ముక్కంటూ ఏదీ మిగలకూడదట. ట్రాక్ తిరిగితే దాంతో వెనక క్లచ్ కూడా తిరుగుతుంది, బెల్టు ఉంటే అది ఈడ్చుకుపోతుంది. బెల్టు బాగున్నా సరే, లాగేటప్పుడు తీసేసే లాగాలి.

తర్వాత తాడు. మేం స్కీల ముందు వంపుకి కట్టబోతే ఆపాడు, అవి పట్టుకోవడానికే తప్ప బరువుకి ఆగవు. స్కీలను బండికి కలిపే ఇనుప కాళ్లు ఉంటాయి కదా, రెండింటికీ చుట్టి, ఒక ముడిగా ముందుకు తెచ్చి, నా బండి వెనక బంపర్‌కి కట్టాడు. ఆడవాళ్లిద్దరినీ వాళ్ల గుంపులో రెండు బళ్ల వెనక ఎక్కించుకున్నారు. ఆగిన బండి మీద మా బావమరిది ఒక్కడే, హ్యాండిల్ ఒక చేత, బ్రేక్ ఒక చేత. ఆ బండి 300 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దాని మీద ఇంకొకరు కూర్చుంటే లాగేవాడి బెల్టు కూడా పోతుంది.

గంటకు పది, పదిహేను మైళ్లు దాటకుండా వెళ్లాం. చదును మీద పర్లేదు. దిగుడొస్తేనే టెన్షన్, తాడు వదులై వెనక బండి నా మీదకి జారుతుంది. దాన్ని ఆపేది వెనకవాడి బ్రేకే. "బావా, మెల్లగా! నాకేం కనపడట్లేదు!" అని అరుస్తూనే ఉన్నాడు. నా ట్రాక్ లేపిన పొడి మంచంతా వాడి హెల్మెట్ అద్దానికే కొట్టింది మరి. తాడు బదులు ఇనుప కడ్డీ టో బార్ ఉంటే ఈ గోల ఉండదు, రెండు బళ్ల మధ్య దూరం మారదు. గైడ్‌తో వెళ్లే ట్రిప్పుల్లో గైడ్ దగ్గర అలాంటిది ఉందో లేదో కనుక్కోండి.

పెద్దాయన చెప్పిన ఇంకో మాట పనికొచ్చింది. షాపు దాకా లాగక్కర్లేదు, ట్రైల్ యూఎస్-41ని దాటే చోటికి చేరిస్తే చాలు. అక్కడికి ట్రెయిలర్ వస్తుంది. మేం ఆ క్రాసింగ్ పేరే మెసేజ్‌లో పెట్టాం. ఎదురుచూసేటప్పుడు ఆయన తన బండి సైలెన్సర్ మీద బిగించిన చిన్న డబ్బా తెరిచి వేడి వేడి సాండ్‌విచ్ తీశాడు. మా బ్యాగులో పులిహోర గడ్డకట్టి ఉంది. దాన్నీ ఫాయిల్‌లో చుట్టి అందులో పెట్టమన్నాడు. మిరపకాయ కొరికి దగ్గాడు గానీ మిగతాదంతా తిన్నాడు.

షాపులో బిల్లు దగ్గర పేచీ మొదలైంది. రికవరీకి, అంటే ఆగిన బండిని వచ్చి తీసుకెళ్లినందుకు, రెండు బెల్టులకూ కలిపి వేశారు. డ్యామేజ్ కవర్ తీసుకున్నాం కదా అంటే బెల్టులు అందులోకి రావన్నారు. నిజమే, చాలా షాపుల కాగితాల్లో అలాగే ఉంటుంది. కానీ స్పేర్ బెల్టు వేసే ముందు మా బావమరిది దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టాడు. నలిగిన అంచులు స్పష్టంగా కనపడుతున్నాయి. అది చూపించాక ఒక బెల్టు, రికవరీలో సగం కొట్టేశారు. బండి తీసుకునేటప్పుడే హుడ్ తెరిపించి బెల్టు చూడండి, ట్రైల్ పర్మిట్ స్టిక్కర్ ఉందో లేదో చూడండి, స్కీలకీ ట్రాక్‌కీ ఫొటోలు తీసుకోండి. విసుక్కునే షాపైతే పక్క షాపుకి వెళ్లండి.

తిండికి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అక్కడ పేరున్నది పాస్టీ, గని పనికి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కార్నిష్‌వాళ్ల వంట. పైన పిండి పొర, లోపల మాంసం, బంగాళాదుంప, ఉల్లి. ఉప్పు తప్ప మనకి తెలిసిన రుచేమీ తగలదు, కెచప్ అడిగి తినేశాం. శాకాహారులు రైస్ కుక్కర్ తీసుకెళ్లడం మేలు.

ఎప్పుడు వెళ్లాలి అంటే, ఫిబ్రవరిలో హోటన్‌లోని మిషిగన్ టెక్ యూనివర్సిటీ విద్యార్థుల వింటర్ కార్నివాల్ ఉంటుంది, 1922లో మొదలైంది. ఇళ్లంత మంచు విగ్రహాలు కడతారు. ఆ రోజుల్లో హోటన్‌లో గది కావాలంటే చాలా ముందుగా చూసుకోవాలి. మేం దానికి ముందు వారం వెళ్లాం. విగ్రహాలు సగంలో ఉన్నాయి, కుర్రాళ్లు నిచ్చెనలెక్కి బకెట్లతో మంచు మెత్తుతున్నారు, వాళ్లలో తెలుగు మాటలు కూడా వినపడ్డాయి. గది మాత్రం అడగ్గానే దొరికింది.