నడుము నొప్పికి టెన్స్ మెషిన్: చాలాకాలం వాడాక

టెన్స్ అంటే చర్మం మీద అంటించిన ప్యాడ్ల ద్వారా నరాలకు కొద్దిపాటి కరెంటు పంపే చిన్న మెషిన్. ఇందులో నాకు బాగా నచ్చింది కరెంటు పెంచే, తగ్గించే చిన్న నాబ్. నడుము కింది వెన్నుపూసల (ఎల్4-ఎల్5) మధ్య డిస్క్ సమస్యతో చాలాకాలం ఫిజియోథెరపీ క్లినిక్‌లో 'కరెంటు' పెట్టించుకున్నాను. అక్కడ వాళ్లకి వీలైనప్పుడు పెడతారు, వాళ్లు పెట్టినంతే ఉంటుంది. నొప్పేమో మధ్యాహ్నం పూట, కుట్టు మిషన్ మీద జాకెట్టు సగంలో ఉండగా వస్తుంది. ఇప్పుడు ఆ క్షణంలోనే ప్యాడ్లు అంటించుకుని, నాబ్ మెల్లగా తిప్పుతూ, చిమచిమ గట్టిగా తెలుస్తూ బాధ పుట్టని చోట ఆపుతాను. ఎప్పుడు, ఎంత అన్నది నా ఇష్టం. ఒకరి కోసం ఎదురు చూడకుండా నా నొప్పి సంగతి నేనే చూసుకోగలగడం నాకు చాలా పెద్ద విషయం.

తాకిడి తెలిపే నరాలను ఈ కరెంటు లేపితే, వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు అడ్డు పడుతుందట. మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు 1965లో చెప్పిన 'గేట్' సిద్ధాంతం ఇదే. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉండటమూ ఆ కోవలోదే. నేను ఎక్కువగా 80-100 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకి అన్నిసార్లు కరెంటు తట్టేలా పెట్టుకుంటాను.

ఇక ప్యాడ్ల సంగతి. అన్నవరంలో మా ఆడపడుచు వాళ్లు సత్యనారాయణ వ్రతం చేయించుకుంటుంటే, కింద కూర్చోవాలి కదా అని మెషిన్ పెట్టుకునే వెళ్లాను. ఎండాకాలం, మండపం నిండా జనం. కథ మధ్యలో ఉండగా చెమటకి ఒక ప్యాడ్ అంచు లేచింది. అంతవరకు మెత్తగా ఉన్న చిమచిమ ఒక్కసారిగా సూదులు గుచ్చినట్టు అయింది. ప్యాడ్ మొత్తం అంటుకుని ఉంటే కరెంటు పరుచుకుంటుంది. సగం ఊడితే అదంతా మిగిలిన కాస్త చోటులోంచే పోతుంది, అందుకే ఆ మంట. కొంగు చాటున మెషిన్ తడుముకుని నాబ్ సున్నాకి తిప్పేదాకా ఊపిరి బిగబట్టాను. ఇంటికొచ్చి చూస్తే అక్కడ చిన్న ఎర్రమచ్చ.

మా ఫిజియో అమ్మాయి చెప్పిన పద్ధతి ఇది: ఆ చోట సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక అంటించాలి, నూనె, పౌడర్ ఉండకూడదు. తీశాక జెల్ ఎండినట్టుంటే ఒక చుక్క నీళ్లు రాసి, ప్లాస్టిక్ షీటు మీదే అతికించి కవర్లో పెట్టాలి. ఇంత చేసినా మా ఎండలకి జిగురు తొందరగా పోతుంది. ప్యాడ్లు మళ్లీ మళ్లీ కొనాలన్న మాట అమ్మేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, ఆ కోపం ఇంకా ఉంది.

కొత్తలో అడిగినవాళ్లందరికీ "నొప్పి తగ్గిపోతుంది" అని చెప్పేదాన్ని. ఇప్పుడైతే, పెట్టుకున్నంతసేపు, ఆపాక ఇంకాసేపు ఉపశమనం ఉంటుందని మాత్రమే చెబుతాను. చలికాలం పొద్దున్నే అదీ అంతంత మాత్రమే. బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుము నొప్పికి దీన్ని ఇవ్వొద్దనే ఉంది. నాకు హాయిగా ఉంది కాబట్టి వాడుతున్నాను గానీ, ఆ మాట దాచి మెచ్చుకోవడం న్యాయం కాదు. ఆ కాస్త ఉపశమనంలో నేర్పిన వ్యాయామాలు చేసుకుంటాను, వీధి చివరిదాకా నడిచొస్తాను. కుడుతూ ఉన్నప్పుడు 30 నిమిషాల టైమర్ ఆగగానే లేస్తాను. నడుము మెరుగుపడిందంటే వీటి పాలే ఎక్కువని నా నమ్మకం.

మా అత్తగారు "నా మోకాలికీ ఓసారి పెట్టవే అమ్మాయ్" అని చాలాసార్లు అడిగారు. ఆవిడకి గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే పేస్‌మేకర్ ఉంది, అందుకే పెట్టలేదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌ని అడగందే ముట్టుకోకూడదు. మెడ ముందు వైపు ఎవరూ పెట్టుకోకూడదు.

నాకు ఆపరేషన్ అక్కర్లేదన్నారు, కాళ్లలో బలహీనత లేదు, పని ఇంట్లోనే. ఇలాంటి పరిస్థితి ఉన్నవాళ్లకి పనికొస్తుందేమో. రోజంతా బండి మీద తిరిగేవాళ్లకి లాభం తక్కువ, నడిపేటప్పుడు వాడకూడదు. ముందు క్లినిక్‌లో నాలుగైదుసార్లు పెట్టించుకుని చూడండి. తేడా తెలిస్తేనే కొనండి, కొంటే అదనంగా ఒక సెట్ ప్యాడ్లు కూడా తీసుకోండి.