కొత్త జంటకి ఆస్ట్రేలియా పార్టనర్ వీసా, 820 నుంచి 801 దాకా మా అనుభవం

కలిసి ఉండటం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు, అప్లై చేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేయొచ్చు, మేం అలాగే చేశాం, ముందు తాత్కాలిక వీసా 820 వచ్చింది, ఇప్పుడు శాశ్వత వీసా 801 కూడా వచ్చేసింది. పెళ్ళి కాకుండా డీఫాక్టోగా, అంటే కలిసి కాపురం చేస్తున్న జంటగా వెళ్తే మామూలుగా 12 నెలల బంధం చూపించాలి, కానీ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో రిలేషన్‌షిప్ రిజిస్టర్ చేయించుకుంటే ఆ 12 నెలల రూల్ అడ్డురాదు. అప్లికేషన్ ఇచ్చాక 28 రోజులు ఆగాలి, తర్వాతే రిజిస్టర్ అవుతుంది, కాబట్టి చేతిలో ఉన్న వీసా ఎప్పుడు అయిపోతుందో చూసుకుని ముందే కదలండి.

అయితే ఆ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో పని అయిపోదు, బంధం నిజమని చూపించుకోవడం మొత్తం మన మీదే. డబ్బులు, ఇల్లు, నలుగురిలో మనం ఎలా ఉంటున్నాం, ముందుముందు కలిసే ఉంటామా, ఈ నాలుగూ చూస్తారు. జాయింట్ అకౌంట్ ఊరికే తెరిచి పెడితే లాభం లేదు, ఇద్దరి జీతాల్లోంచీ అందులో పడాలి, రెంటూ కరెంటు బిల్లూ కూరగాయలూ అందులోంచే పోవాలి. మా బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో వారం వారం రెంట్ లైన్ల మధ్యలో ఫ్రిజ్ కొన్న లైన్ ఒకటుంది, దాని బిల్లు మీద ఇద్దరి పేర్లూ, లీజులో ఉన్న అడ్రసే. వంద సెల్ఫీల కన్నా ఆ ఒక్క కాగితమే గట్టిదని నా నమ్మకం.

ఫారం 888, అంటే మన బంధం నిజమని తెలిసినవాళ్ళు రాసిచ్చే సాక్ష్యం, అది కూడా అంతే, "మంచి జంట" అని రాయించుకుంటే ఏం వస్తుంది? మా ఫ్రెండ్ ఒకావిడ, నాకు జ్వరమొస్తే నా పార్టనర్ డ్యూటీ మానేసి ఇంట్లో ఉండటం కళ్ళారా చూసింది, అదే రాసింది.

మనవాళ్ళకి అసలు కష్టం ఇంట్లో ఇంకా చెప్పకపోవడం. పెద్దవాళ్ళతో ఫొటోలు లేవని కంగారు పడొద్దు, ఎందుకు చెప్పలేదో ఇద్దరూ అప్లికేషన్‌తో ఇచ్చే ఎవరి రాతలో వాళ్ళు ఉన్నదున్నట్టు రాయండి. తేదీలు మాత్రం రెండింట్లో ఒకటే ఉండాలి.

ఫీజు 9,000 డాలర్లు పైనే, చాలా ఎక్కువ, రిజెక్ట్ అయితే తిరిగి రాదు. నిర్ణయం వచ్చేదాకా ఇక్కడ ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా ఏ మీద దేశం దాటితే తిరిగి రానివ్వరు, వెళ్ళి తిరిగి రావాలంటే ముందు బ్రిడ్జింగ్ వీసా బి తీసుకోవాలి, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడు ఇదే ఎక్కువ నలిపేస్తుంది. అప్లై చేసిన రెండేళ్ళకి 801 కోసం మళ్ళీ కాగితాలు అడుగుతారు, కాబట్టి 820 వచ్చిందని ఆపేయకుండా లీజులూ బిల్లులూ దాస్తూనే ఉండండి.