వడ్డేపల్లి చెరువు కట్ట మీద మా ఆదివారం కూడిక

నిద్ర కోసం ఆరేళ్లు అల్ప్రాజోలం అనే మాత్ర వేసుకున్నాను. ఒక్కసారే ఆపేస్తే వణుకు, చెవుల్లో హోరు. ఫిట్స్ కూడా రావచ్చని చెప్పి, డాక్టర్ మళ్లీ మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గించారు.

పూర్తిగా మానేసి పది నెలలైనా హోరు పోలేదు. ఇంట్లో "ఇంకా ఏంది?" అన్నారు. హనుమకొండలో ఈ చెరువు కట్ట మీద ఆదివారం పొద్దున కలిసే, నాలాగే ఇట్లాంటి మాత్రలతో ఇబ్బంది పడ్డ ఈ ఏడుగురు మాత్రం అట్లా అనలేదు. కాజీపేట నుంచి వచ్చే రిటైర్డ్ రైల్వే అన్న "నాకూ అంతే చెల్లె, అలల్లెక్క వస్తది, పోతది" అన్నప్పుడు ఏడ్చేశాను.

ఫీజు లేదు. డోసు గురించి ఎవరూ సలహా ఇవ్వరు, అది డాక్టర్‌కే వదిలేస్తారు. నాకు బాగా నచ్చింది అదే. లోటల్లా రాత్రి రెండింటికి దడ వస్తే వాళ్లను లేపడానికి మొహమాటం. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తాను. వానొస్తే కూర్చునే చోటుండదు, గొడుగు తెచ్చుకోండి.