ముందు అభ్యర్థికే చూపించాలి: ఏడేళ్ల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాడకం తర్వాత నా సమీక్ష

మా కంపెనీలో కొత్తవాళ్లను చేర్చుకునే పని నాది. ఆఫర్ లెటర్ ఇచ్చాక, చేరే తేదీ లోపల, అభ్యర్థి చెప్పిన చదువు, పాత ఉద్యోగాలు, చిరునామా, కోర్టు కేసులు వగైరా సరిచూసి రిపోర్ట్ పంపే ఒక బయటి సంస్థతో 7 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొన్ని వందల రిపోర్టులు చదివాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే తప్పుల్లో కొన్ని వాళ్లవి, కొన్ని మావి. వేరే సంస్థల సేవలు వాడే స్నేహితులు చెప్పేవి కూడా ఇంచుమించు ఇవే.

బాగున్నది ముందు చెబుతాను. చదువు తనిఖీలో ఈ సంస్థకు వంక పెట్టలేను. సర్టిఫికెట్ కాపీ చూసి ఊరుకోరు, యూనివర్సిటీ రికార్డుతో పోల్చుకుంటారు. భద్రతకు సంబంధించిన పోస్టుకు ఎంపికైన ఒకాయన ఇంజినీరింగ్ పట్టా నకిలీదని అలాగే బయటపడింది. ఆయన సంతకం నమ్మి ఎవరో ఒకరు యంత్రం దగ్గర నిలబడేవారు. అందుకే ఈ తనిఖీలు అసలు వద్దనే వాదన నేను ఒప్పుకోను. రిపోర్ట్ కూడా త్వరగా వస్తుంది, చాలావరకు చెప్పిన గడువులోనే.

ఇబ్బంది రంగులతో మొదలవుతుంది. రిపోర్ట్ పైభాగంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని ఒక గుర్తు ఉంటుంది. అన్నీ సరిపోతే ఆకుపచ్చ, ఏదైనా తేలకపోతే పసుపు, తేడా వస్తే ఎరుపు. పని ఒత్తిడిలో ఉన్న మేనేజర్ ఆ రంగు చూసి నిర్ణయం చెప్పేస్తాడు. కింద వివరాలు చదివేవాళ్లు తక్కువ. మొదటి రెండేళ్లు నేనూ అంతే చేశాను.

మూడో ఏడాది ఒక అమ్మాయి రిపోర్ట్ ఎరుపుతో వచ్చింది. అప్పటికే ఆమె పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నోటీస్ పీరియడ్‌లో ఉంది. ఆమె పేరు మీద మోసం కేసు ఉందని రాశారు. మా విభాగాధిపతి ఆ సాయంత్రమే ఆఫర్ వెనక్కి తీసుకుందామన్నారు. ఎందుకో ఆ రోజు వివరాల పేజీ తెరిచాను. కేసులో ఉన్న మనిషి పేరు, ఇంటిపేరు కలిశాయి. పుట్టిన తేదీ లేదు, చిరునామా లేదు. వయసు మాత్రం ఉంది. అది మా అభ్యర్థి వయసు కంటే 19 ఏళ్లు ఎక్కువ.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "నా మీద కేసా మేడమ్? నేను ఇంతవరకు కోర్టు మెట్లెక్కలేదు" అంది. ఆ తర్వాత కాసేపు అవతలి నుంచి మాట లేదు. సంస్థకు రాస్తే, అభ్యర్థే తన గుర్తింపు పత్రాలతో అభ్యంతరం పెట్టుకోవాలన్నారు. కలిసింది పేరు ఒక్కటే అయినా, ఆ మనిషిని తాను కాదని చూపించుకోవాల్సిన పని ఆమె నెత్తిన పడింది. సరిచేసిన రిపోర్ట్ రావడానికి 11 రోజులు పట్టింది. ఆ 11 రోజులూ ఆమెకు పాత ఉద్యోగం చేజారిపోతూ ఉంది, కొత్తది చేతికి రాలేదు. చివరికి మా దగ్గరే చేరింది. ఆ ఫోన్ చేయకపోయి ఉంటే, ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా ఆమెకు తెలిసేది కాదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే.

పేరు కలిస్తే చాలు, మనిషి కలిసినట్టే అనుకునే ఈ పద్ధతి ఎంత దూరం వెళ్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో సెర్జియో రామిరెజ్ అనే ఆయన 2011లో కారు కొనడానికి వెళ్తే, క్రెడిట్ రిపోర్టులో ఆయన పేరు ప్రభుత్వం నిషేధించిన ఉగ్రవాదులు, మాదకద్రవ్యాల వ్యాపారుల జాబితాతో కలుస్తోందని వచ్చింది. రిపోర్ట్ ఇచ్చిన ట్రాన్స్‌యూనియన్ పోల్చి చూసింది పేరు, ఇంటిపేరు మాత్రమే. అలాంటి 8,185 మంది తరఫున దావా నడిచింది. 2021లో అక్కడి సుప్రీంకోర్టు, రిపోర్ట్ బయటివాళ్లకు చేరిన 1,853 మందికే నష్టపరిహారం అడిగే అర్హత ఉందని తేల్చింది. మిగతావాళ్ల ఫైళ్లలోనూ అదే తప్పు ఉంది, కానీ అవి ఎవరి కంటా పడలేదన్నది కోర్టు చూసిన తేడా. ఆ తీర్పు న్యాయమో కాదో చెప్పడానికి నేను లాయర్ని కాను. నా పనికి మాత్రం అది ఒక ప్రశ్న మిగిల్చింది: తప్పు రిపోర్టును మేం చూసేలోపే ఆ మనిషి చూస్తే?

ఆ దేశంలో 1970లో చేసిన ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం దీనికి ఒక దారి చూపింది. ఇలాంటి రిపోర్ట్ ఆధారంగా ఉద్యోగం ఇవ్వకూడదని యజమాని అనుకుంటే, ఆ నిర్ణయం తీసుకునే ముందే అభ్యర్థికి రిపోర్ట్ కాపీ, తన హక్కుల వివరం ఇవ్వాలి. అభ్యర్థి తప్పని చెబితే, రిపోర్ట్ తయారుచేసిన సంస్థ సాధారణంగా 30 రోజుల్లో మళ్లీ పరిశీలించాలి. మా అభ్యర్థులందరికీ ఆ చట్టం వర్తించదు. అయినా ఆ అమ్మాయి సంగతి తర్వాత, ఎవరు ఎక్కడివాళ్లయినా, రిపోర్ట్ ఏ రంగులో వచ్చినా, కాపీ వాళ్లకు పంపడం అలవాటు చేసుకున్నాను. ఈ సంస్థ పోర్టల్‌లో అందుకు బటన్ లేదు. అభ్యర్థి పత్రాలు ఎక్కించడానికి లాగిన్ ఉంది, తన గురించి ఏం తేలిందో చూసుకోవడానికి లేదు. 7 ఏళ్ల వాడకంలో నా అతి పెద్ద ఫిర్యాదు ఇదే.

కాపీలు పంపడం మొదలుపెట్టాక పసుపు రంగు కథలు కూడా అర్థమయ్యాయి. పసుపు వచ్చిన వాటిలో చాలావాటికి కారణం పాత కంపెనీ మూతపడటమో, అక్కడి హెచ్‌ఆర్ మెయిల్‌కు జవాబివ్వకపోవడమో. "ధ్రువీకరించలేకపోయాం" అన్న మాటను మా మేనేజర్లు "అబద్ధం చెప్పాడు" అని చదువుకునేవాళ్లు. ఇప్పుడు అభ్యర్థినే అడుగుతున్నాం: అప్పటి జీతం పడినట్టు ఏదైనా ఆధారం ఉందా? బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇస్తామంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్టేట్‌మెంట్ అంటే మనిషి బతుకంతా. ఏ ఆసుపత్రికి వెళ్లారు, ఎవరికి డబ్బు పంపారు, అప్పు ఎంత ఉంది, అన్నీ అందులో కనిపిస్తాయి. జీతం పడిన వరుసలు, పేరు తప్ప మిగతాదంతా నల్లగా కొట్టేసి పంపమని మేమే రాస్తాం. పోర్టల్‌లో ఇలాంటి సూచన ఎక్కడా లేదు. పూర్తి స్టేట్‌మెంట్ ఎక్కించమనే అడుగుతుంది. ఇది మార్చడం వాళ్లకు ఒక్క వాక్యం పని.

అన్నిటికంటే బాధ పెట్టిన సంఘటన ఇంకోటి ఉంది. ప్రస్తుతం పనిచేస్తున్న కంపెనీని సంప్రదించవచ్చా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. మొదట్లో అందులో టిక్ ముందే పెట్టి ఉండేది, వద్దనుకున్నవాళ్లు తీసేయాలి. ఒకాయన గమనించలేదు. ఆయన ఇంకా రాజీనామా ఇవ్వలేదు, మా ఆఫర్ పక్కా అయ్యాక ఇద్దామనుకున్నారు. వెరిఫికేషన్ మనిషి నేరుగా ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి, "మీ దగ్గర పనిచేస్తున్న ఫలానావారు వేరే చోట చేరబోతున్నారు, వివరాలు చెబుతారా" అని అడిగాడు. మరుసటి రోజు ఆయన నాకు ఫోన్ చేసినప్పటి గొంతు ఇంకా గుర్తుంది. కోపంగా లేరు. "మా బాస్‌కి నేనే చెప్పుకుందామనుకున్నానండీ" అన్నారు. పదేళ్లు కలిసి పనిచేసిన మనిషికి తన నోటితో చెప్పుకునే అవకాశం ఆయనకు లేకుండా పోయింది. ఎంత క్షమాపణ చెప్పినా అది తిరిగిరాదు. గట్టిగా పట్టుబట్టాక ఆ టిక్ తీయించగలిగాను. ఇప్పుడు ప్రస్తుత ఉద్యోగం తనిఖీ, ఆ మనిషి అక్కడి నుంచి బయటికి వచ్చాకే జరుగుతుంది.

సమ్మతి పత్రం గురించి. మొదట వచ్చింది 9 పేజీలు. "ఏ వ్యక్తి నుంచైనా, ఏ సంస్థ నుంచైనా, ఏ సమాచారమైనా" సేకరించవచ్చని అందులో ఉంది. ఉద్యోగం కావాలనుకునే మనిషి ఇంకేం చేస్తాడు, సంతకం పెడతాడు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద, ఉద్యోగం ఇచ్చేవాడు అడిగే సమ్మతిని నియంత్రణ సంస్థలు అనుమానంగానే చూస్తాయి. వద్దంటే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదన్నది వాళ్ల లెక్క. నాకు అది నూటికి నూరుపాళ్లు నిజమనిపిస్తుంది. భారతదేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని ఉంది. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. మా పత్రాన్ని ఒక్క పేజీకి తగ్గించాం. ఏం చూస్తాం, ఎవరిని అడుగుతాం, ఎన్నాళ్లు ఉంచుతాం, తప్పుంటే ఎవరికి చెప్పాలి. అంతే.

సోషల్ మీడియా తనిఖీ అని అదనపు సేవ ఒకటి ఉంది. ఒక మేనేజర్ అడిగితే ఒకసారి తీసుకున్నాం. ఒకామె తన అనారోగ్యం గురించి, పిల్లలు పుట్టకపోవడం గురించి స్నేహితులతో పంచుకున్న పోస్టుల స్క్రీన్‌షాట్లు రిపోర్టులో వచ్చాయి. ఉద్యోగానికీ వాటికీ సంబంధమే లేదు. ఒకసారి చూశాక చూడనట్టు ఉండటం ఎవరి వల్లా కాదు. ఆమెను తీసుకున్నాం, ఆ సేవ మానేశాం.

ఐదో ఏడాది నా మీద నేనే ఈ తనిఖీ చేయించుకున్నాను. అభ్యర్థులకు ఎలా ఉంటుందో తెలియాలని. పత్రాలు ఎక్కించడం తేలికే. కానీ "మీ రిపోర్ట్ సిద్ధమైంది" అన్న మెసేజ్ వచ్చినప్పుడు, దాచుకోవాల్సింది ఏమీ లేకపోయినా టెన్షన్ పడ్డాను. నా పాత ఉద్యోగం ఒకటి పసుపులో వచ్చింది. నేను చివరిగా పనిచేసిన రోజు రాశాను, ఆ కంపెనీ నోటీస్ పీరియడ్ ముగిసిన తేదీ రాసింది. నెలరోజుల తేడా. ఇద్దరిదీ తప్పు కాదు. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు ఇక్కడ ఒక మాట: పాత కంపెనీ ఇచ్చిన లెటర్ ముందు పెట్టుకుని, అందులో ఉన్న తేదీలు, హోదా అచ్చంగా అలాగే రాయండి. గుర్తున్నంతలో రాస్తే వచ్చే తేడాలే ఎక్కువగా పసుపు తెస్తాయి. ఉద్యోగం లేని గ్యాప్ ఉంటే తేదీలు సాగదీసి కప్పకండి, గ్యాప్ అనే రాయండి. గ్యాప్ ఉందని మేం ఎవరినీ వద్దనలేదు.

ఇక పాత రిపోర్టులు. ఒకసారి మా షేర్డ్ ఫోల్డర్ సర్దుతుంటే, నాలుగేళ్ల కిందట తీసుకోనివాళ్ల రిపోర్టులు కూడా అలాగే పడి ఉన్నాయి. ఇంటి చిరునామా, గుర్తింపు పత్రాల ఫోటోలు, పాత జీతాలు. ఆ ఫోల్డర్ తెరవగలిగేవాళ్లు మా విభాగంలో అందరూ. అది పూర్తిగా మా తప్పు. మా వైపు అన్నీ తీసేశాం. సంస్థ సర్వర్లలో ఉన్నవి తీసేయమంటే ఒక్కో అభ్యర్థికి విడిగా టికెట్ (పోర్టల్‌లో రాతపూర్వక అభ్యర్థన) పెట్టమన్నారు. మూడు నెలలు కూర్చుని పెట్టాను. ఇప్పుడు ఎంపిక కానివాళ్ల వివరాలు 6 నెలలకు వాటంతట అవే పోయేలా ఒప్పందంలో రాయించాం.

గత నెల ఒప్పందం మళ్లీ రాసుకున్నాం, ఒక్క ఏడాదికే. మూడు షరతులు అడిగాను. పేరుతో పాటు కనీసం పుట్టిన తేదీ గానీ చిరునామా గానీ కలవకుండా కోర్టు కేసు రిపోర్టులో పెట్టకూడదు. స్టేట్‌మెంట్ అడిగేచోట ఏవేవి కొట్టేయవచ్చో రాయాలి. రిపోర్ట్ మాకు చేరే ముందు అభ్యర్థికి చేరాలి, అభ్యంతరం చెప్పడానికి 5 పనిదినాలు ఇవ్వాలి. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోది "పరిశీలనలో ఉంది" అన్నారు. అంతవరకు వచ్చిన ప్రతి రిపోర్టునూ అదే రోజు నేనే అభ్యర్థికి పంపుతున్నాను, వాళ్ల జవాబు వచ్చాకే మేనేజర్‌కు ఇస్తున్నాను.