చిన్న లాడ్జిలో వైఫై: అందరికీ ఒకటే పాస్‌వర్డా, రూముకో స్లిప్పా, ఓటీపీయా?

పదిహేను, ఇరవై రూముల లాడ్జి అనుకుందాం. తిరుపతి బస్టాండు దగ్గరో, అన్నవరంలోనో, అరకులోనో. తాళం చేతికి ఇవ్వగానే గెస్టు అడిగేది వైఫై పాస్‌వర్డే. అది ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా మూడు: అందరికీ ఒకటే పాస్‌వర్డ్, రూముకో వేరే కోడు ఉన్న స్లిప్పు, గెస్టు ఫోను నంబరుకు వచ్చే ఓటీపీ. ఇలాంటి లాడ్జిలకు నెట్ పెట్టే పనిలో ఉన్నవాడిగా నేను రూముకో స్లిప్పు ఇచ్చే పద్ధతికే ఓటు వేస్తాను.

అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి కౌంటరు వెనక గోడకు అంటిస్తే పైసా ఖర్చు లేదు, కుర్రాళ్లకు నేర్పాల్సిన పనీ లేదు. నాలుగైదు గదుల హోమ్‌స్టేకి ఇది చాలు. లాడ్జికి మాత్రం చాలదు. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల ఫోన్లలో ఆ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది, నెల తిరిగేసరికి ఎదురుగా ఉన్న టీ కొట్టుకీ చేరుతుంది. మారుద్దామంటే ఉన్న గెస్టులందరికీ ఒక్కసారే నెట్ పోతుంది. అందుకే ఎవరూ మార్చరు.

దీంతో ఇంకో చిక్కుంది. ఇళ్లలో వాడే రూటర్లు చాలావాటిలో ఫోన్లకు ఇచ్చే అడ్రస్‌లు వంద దాకానే ఉంటాయి. రూముకు ముగ్గురు, మనిషికో ఫోను, నిన్న ఖాళీ చేసినవాళ్ల అడ్రస్‌లు ఇంకా విడుదల కాలేదు. పండగ రోజుల్లో గెస్టు ఫోనులో ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ అని తిరుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు. కౌంటరులో కుర్రాడు రూటర్ ఆపి మళ్లీ వేస్తాడు. ఒక ఫోనుకు ఇచ్చిన అడ్రస్ దానికే ఉండిపోయే గడువును రూటర్‌లో రెండు గంటలకు తగ్గిస్తే తీరిపోయే సమస్య అది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ మార్పు తప్పకుండా చేయండి.

అసలు భయం వేరు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలోని ఒక ఫ్లాట్ వైఫై నుంచి వెళ్లింది. పోలీసులు ముందుగా వెళ్లింది ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. మీ లాడ్జి నుంచి ఎవరైనా తప్పుడు పని చేస్తే, ఆ టైములో ఆ ఫోను ఎవరిదో చెప్పగలగాలి. ఒకటే పాస్‌వర్డ్ ఉన్నచోట ఆ మాట చెప్పలేం.

ఓటీపీ పద్ధతిలో ఈ భయం లేదు. ప్రతి ఫోనుకూ ఒక నంబరు రికార్డవుతుంది. పెద్ద హోటళ్లకూ, స్టేషన్లకూ ఇది బాగానే ఉంటుంది. చిన్న లాడ్జికి మాత్రం బరువు. ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో సంస్థ పేరూ, మెసేజ్ నమూనా రిజిస్టర్ చేయించాలి. లేదా ఆ పని చేసిపెట్టే కంపెనీకి నెలనెలా కట్టాలి. సిగ్నల్ సరిగా లేకే కదా చాలామంది వైఫై అడిగేది! అరకు లాంటి చోట లోపలి గదిలో ఓటీపీ కోసం ఫోను పట్టుకుని వరండాలోకి రావాలి. అమెరికా సిమ్‌తో వచ్చిన మనవాళ్లకు అది రాకపోనూవచ్చు. పైగా గెస్టుల నంబర్లు మన దగ్గర పోగుపడితే వాటిని భద్రంగా దాచే బాధ్యత కూడా మనదే.

స్లిప్పు పద్ధతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మైక్రోటిక్ కంపెనీ రూటర్‌లో కోడు అడిగి నెట్ ఇచ్చే ‘హాట్‌స్పాట్’ సదుపాయంతో గానీ, టీపీ లింక్ కంపెనీ వైఫై పెట్టెలను ఒకచోటి నుంచి నడిపే ‘ఒమాడా’ కంట్రోలర్‌తో గానీ కోడ్లు ముందే తయారుచేసి ప్రింట్ తీసుకోవచ్చు. ఒక్కో కోడు 24 గంటలు పనిచేసేలా, నాలుగు ఫోన్ల దాకా, ఫోనుకు 5 ఎంబీపీఎస్ స్పీడు మించకుండా పెడతాను. హెచ్‌డీ వీడియోకి అది సరిపోతుంది. ఒకరు సినిమా డౌన్‌లోడ్ పెట్టినంత మాత్రాన పక్క గదిలో వీడియో కాల్ ఆగదు. ఐడీ కార్డు చూసి పేరు ఎక్కించే రిజిస్టరు ఎలాగూ ఉంది, గది నంబరు పక్కనే స్లిప్పు నంబరు కూడా రాయండి. రూటర్‌లోని లాగిన్ రికార్డును చెరిగిపోకుండా దాచుకుంటే, ఓటీపీ ఇచ్చే భరోసాలో చాలావరకు ఓటీపీ లేకుండానే దొరుకుతుంది.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఆన్‌లో ఉన్న ఫోన్లలో కోడు కొట్టే పేజీ ఒక్కోసారి తెరుచుకోదు. వీపీఎన్‌ని కాసేపు ఆపమని కౌంటరులో చెప్పగలగాలి. కోడు ఉంది కదా అని వైఫైని పాస్‌వర్డ్ లేకుండా వదిలేయకండి. అప్పుడు గాలిలో వెళ్లే డేటాకు వైఫై రక్షణే ఉండదు. స్లిప్పు మీద పాస్‌వర్డూ, కోడూ రెండూ ఉండాలి.

స్లిప్పులు ఇప్పుడే వద్దనుకున్నా సరే, ఆఫీసు నెట్ వేరు, గెస్టుల నెట్ వేరు చేయడం మాత్రం వాయిదా వేయకండి. బిల్లింగ్ కంప్యూటరూ సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆరూ గెస్టుల ఫోన్లున్న నెట్‌లోనే ఉండటం చూస్తే నాకు టెన్షన్. ఒక గెస్టు ఫోనుకు ఇంకో గెస్టు ఫోను కనపడకుండా చేసే ఐసొలేషన్ సెట్టింగ్ కూడా వేయాలి. అది వేశాక ఫోనులోని వీడియోని గదిలో టీవీ మీద వేసుకోవడం మామూలుగా కుదరదు. టీవీలో కోడు కొట్టడమూ కష్టమే. అందుకే టీవీలను వాటి మ్యాక్ అడ్రస్‌లతో (ఒక్కో పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) రూటర్‌లో నమోదుచేసి, కోడు అడగకుండా నేరుగా నెట్ వచ్చేలా పెట్టాలి. యూట్యూబ్ లాంటివి టీవీలోనే తెరుచుకుంటాయి.