వాకింగ్‌లో లాగే కుక్కపిల్లకు ఏది మేలు: గొలుసా, హార్నెసా, చేతిలో చికెన్ ముక్కా?

మా పండుకి ఇప్పుడు పది నెలలు, ఇరవై రెండు కిలోలు. తల్లి వీధి కుక్క, తండ్రి లాబ్రడార్. మూడు నెలల క్రితం వరకు పొద్దున వాకింగ్ అంటే నాకు భుజం నొప్పి, వాడికి దగ్గు. బెంగళూరు మారతహళ్లిలో మా గేటు దాటీ దాటగానే మెడపట్టీ బిగిసిపోయేది, ముందుకాళ్లు గాల్లోకి లేచేవి. ఎదురొచ్చే పెద్దాయన గోడకి ఆనుకుని "కచ్చుత్తా?" అని కన్నడంలో అడిగేవారు, కరుస్తుందా అని. కరవడు. కానీ ఆ నడక చూస్తే ఎవరూ నమ్మరు.

కుక్కకి ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా కుర్ర వయసు. చిన్నప్పుడు నేర్చుకున్న మాటలు కూడా వినిపించనట్టే ఉంటుంది. చాలా ఇళ్లలో వాకింగ్ మానేసి బాల్కనీకే పరిమితం చేసేది ఈ వయసులోనే, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బయటికి వెళ్లని కుర్ర కుక్క ఆత్రం రెట్టింపవుతుంది తప్ప తగ్గదు.

ముందు చోక్ చైన్ సంగతి, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు. మేము మొదట పిలిపించిన ట్రైనర్ ఇనుప గొలుసు తెచ్చాడు. "లాగినప్పుడల్లా ఒక జెర్క్ ఇవ్వండి మేడమ్, వారంలో దారికొస్తుంది" అన్నాడు. మూడో రోజుకే లాగడం తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. రెండో వారంలో ఇంకోటి మొదలైంది. అంతకుముందు వేరే కుక్క కనిపిస్తే తోక ఊపుకుంటూ పరిగెత్తబోయేవాడు, ఇప్పుడు దూరం నుంచే గుర్రుమంటున్నాడు. ఆలోచిస్తే కారణం అర్థమైంది. వాడు ఎక్కువగా లాగేది కుక్కలు కనిపించినప్పుడే, కాబట్టి మెడ మీద నొప్పి వచ్చేదీ అప్పుడే. 'నేను లాగాను కాబట్టి నొప్పి' అని వాడు లెక్క వేయలేదు, 'ఆ కుక్క వచ్చింది కాబట్టి నొప్పి' అనుకున్నాడు. ఆ రోజే గొలుసు తీసేశాను.

శరీరం సంగతి కూడా ఉంది. మెడపట్టీ లాగితే శ్వాసనాళం నొక్కుకుంటుంది. కంటి లోపలి ఒత్తిడి మీద 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, మెడపట్టీతో లాగినప్పుడు ఆ ఒత్తిడి పెరిగింది, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌తో లాగినప్పుడు పెరగలేదు. పగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి కష్టం, వాటిని మెడ పట్టుకుని లాగడం అసలే తగదు. అమెరికాలో పశువుల ప్రవర్తన చదివిన వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021లో, ఏ కుక్కకైనా బహుమతి పద్ధతే వాడమని, నొప్పి పెట్టే పద్ధతులు వద్దని చెప్పింది. మెడపట్టీని నేను పారేయలేదు. ఫోన్ నంబరు రాసిన బిళ్ల తగిలించడానికి ఉంచాను.

హార్నెస్‌లో రెండు రకాలున్నాయి, తేడా తెలియక నేను మొదట తప్పుది కొన్నాను. వీపు మీద రింగు ఉన్నది వేస్తే పండు ఇంకా గట్టిగా లాగాడు. బరువంతా ఛాతీ మీద పరుచుకుంటుంది కదా, లాగడం హాయిగా ఉంటుంది. మంచు మీద బండ్లు లాగే కుక్కలకు వేసేదీ ఇలాంటి కట్టే. ఛాతీ దగ్గర రింగు ఉన్నదైతే ముందుకు దూకగానే ఒళ్లు పక్కకి తిరిగి కుక్క మొహం మన వైపు వస్తుంది. మార్చిన సాయంత్రమే నా భుజానికి తేడా తెలిసింది. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. వానాకాలంలో తడిసిన పట్టీ చంకల్లో ఒరుసుకుంటుంది, ఇంటికి రాగానే తీసి తుడవాలి, ఆ చేత్తోనే పిడుదులు కూడా వెతకాలి. పటాకుల మోతకి బెదిరి వెనక్కి గింజుకుంటే కొన్ని కుక్కలు హార్నెస్‌లోంచి జారిపోతాయి. అందుకే దీపావళి రోజుల్లో హార్నెస్‌ని మెడపట్టీకి కలిపే చిన్న కొక్కెం కూడా తగిలిస్తాను.

లాగిన కొద్దీ సాగే తాడు మాత్రం వద్దు. లాగితే ఇంకొంచెం తాడు వస్తుందనే పాఠం అది రోజంతా నేర్పుతుంది. పైగా మా రోడ్డులో ఫుట్‌పాత్ మీదకి కూడా స్కూటర్లు ఎక్కుతాయి. ఆరడుగుల మామూలు తాడు చాలు.

అయితే హార్నెస్ బ్రేకు మాత్రమే, నడక నేర్పేది మనమే. ఎలా అన్న దాంట్లో మళ్లీ రెండు దారులు. తాడు బిగిస్తే కదలకుండా నిలబడిపోవడం ఒకటి, కాలి పక్కన నడిచినంతసేపూ తిండి పెట్టడం ఇంకొకటి. ఫలితం దక్కిన పనినే జంతువు మళ్లీ చేస్తుందని 1898లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లుల్ని పెట్టెల్లో ఉంచి చూపించాడు. రెండు పద్ధతులకీ మూలం అదే. నిలబడే పద్ధతిలో ఖర్చు లేదు, కానీ గేటు నుంచి వీధి చివరి దర్శిని (చిన్న టిఫిన్ హోటల్) దాకా వెళ్లడానికే నలభై నిమిషాలు పట్టింది. ఆఫీసు ఉన్న రోజు కుదరదు. పదిసార్లలో ఒక్కసారి మనం వదిలేసినా వాడి పట్టు ఇంకా గట్టిపడుతుంది. ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మ అదే చేసింది. "పాపం పసివాడే, వాడి ఆత్రం చూడు, పోనీవే" అంటూ వాడి వెనకే పరుగు. అమ్మని మార్చలేను కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. రెండు చోట్లా రింగులున్న హార్నెస్ కొన్నాను. కొక్కెం ఛాతీ రింగుకి ఉంటే బడి, వీపు రింగుకి ఉంటే సెలవు. పండు ఆ తేడా రెండు వారాల్లో పట్టేశాడు.

నా ఓటు తిండి పద్ధతికే. ముందు హాల్లో, తర్వాత బేస్‌మెంట్ పార్కింగ్‌లో, ఆ తర్వాతే రోడ్డు మీద. ఉడికించిన చికెన్ శనగగింజంత ముక్కలు చేసి, కాలి పక్కనే చెయ్యి కిందకి దించి పెట్టాలి. మొదట రెండడుగులకి ఒకటి, తర్వాత అయిదుకి, పదికి, ఆపైన లెక్క లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు. శాకాహారుల ఇంట్లో పనీర్, క్యారెట్, కీరా ముక్కలు పనికొస్తాయి. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, చాక్లెట్ దగ్గరికి రానివ్వకండి, అవి కుక్కకి విషం. రోజు తిండిలో ఈ ముక్కలు పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించాలి. తిండి కంటే పండుకి ఎక్కువ ఇష్టమైన బహుమతి ఇంకోటుంది. పది అడుగులు బుద్ధిగా నడిస్తే "సరే, పో" అంటాను, వాడు పోయి చెట్టు మొదలు తనివితీరా వాసన చూస్తాడు.

బెంగళూరులో అసలు పరీక్ష వీధి కుక్కలు. ప్రతి సందుకీ ఒక గుంపు, ఒక సరిహద్దు. ఇక్కడ మిగతావన్నీ ఒక ఎత్తు, దూరం ఒక ఎత్తు. ముప్పై అడుగుల అవతల కుక్క కనిపించగానే చికెన్ ముక్క ఇస్తాను. తింటే ఆ దూరం వాడికి సరిపోతుందన్నమాట. మొహం తిప్పుకుంటే అప్పటికే దగ్గరికొచ్చేశాం, "ఇటు రా" అని వెనక్కి తిరిగిపోతాను. లాగడం మొదలయ్యాక తిరిగితే అది కొట్లాటే, మొదలవకముందే తిరిగితే ఆట. మా సందులో అన్నం పెట్టే ఆంటీ ఆరింటికి వచ్చి వెళ్లాక గుంపు సద్దుమణుగుతుంది. అందుకే ఆరున్నరకి బయల్దేరి, ఏడున్నరకి స్కూలు బస్సులు మొదలయ్యేలోపు వచ్చేస్తాం.

మీ కుక్క బలమైనదై, నడిపించేది ఇంట్లో పెద్దవాళ్లయితే ఛాతీ రింగు హార్నెస్ ఇవాళే కొనండి, పాఠం మెల్లగా చెప్పుకోవచ్చు. చిన్నదై, లాగడం కంటే భయం ఎక్కువైతే వీపు రింగే సుఖం, తిండి పద్ధతి ఎలాగూ ఉంటుంది. నిలబడే పద్ధతి ఆదివారాలకి ఉంచుకోండి. పండు ఇప్పుడు కుక్కల్ని పదిహేను అడుగుల్లో దాటిపోతున్నాడు. కారు కింద పిల్లి కనిపిస్తే మాత్రం ఇంకా చికెన్ అక్కర్లేదు వాడికి. పిల్లితో మళ్లీ ముప్పై అడుగుల దగ్గర మొదలుపెట్టాం.