హోప్ వజ్రం దాటాకే అసలు హాలు: వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో రాళ్ల ప్రియులకు ఒక రోజు

వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సహజ చరిత్ర మ్యూజియానికి వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది రెండో అంతస్తుకెక్కి, పేరుమోసిన నీలి వజ్రం హోప్ ముందు ఒక ఫొటో దిగి, కింద డైనోసార్ల దగ్గరికి దిగిపోతారు. రాళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లు మాత్రం ఆ పని చేయకూడదు. జియాలజీ, రత్నాలు, ఖనిజాల హాలు ఒకదాని వెనక ఒకటిగా సాగే గదుల వరుస. హోప్ ఉన్నది మొదటి గదిలో. చివరి గదిలో ఉల్కలు. ఈ రెండింటి మధ్య నాలుగు గంటలు గడపొచ్చు, గడపాలి కూడా.

ముందు వేళల సంగతి. మ్యూజియం డిసెంబర్ 25న తప్ప రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5:30 వరకు తెరిచి ఉంటుంది. టికెట్ లేదు, ముందస్తు బుకింగ్ లేదు. అయితే ఇది ప్రభుత్వ డబ్బుతో నడిచే సంస్థ. అమెరికా కాంగ్రెస్‌లో బడ్జెట్ ఆగి షట్‌డౌన్ వస్తే కొన్నాళ్లకు ఇదీ మూతపడుతుంది. విమానం టికెట్లు కొన్నాక ఇలా జరిగితే చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి, బయల్దేరే వారం వార్తలు చూసుకోవడం మంచిది.

ద్వారాలు రెండు. మాల్ (షాపింగ్ మాల్ కాదు, మ్యూజియాల మధ్య పొడవుగా సాగే పచ్చిక మైదానం) వైపు మెట్లెక్కితే నేరుగా ఏనుగు బొమ్మ ఉన్న గుండ్రటి హాల్లోకి వస్తారు. కాన్‌స్టిట్యూషన్ ఎవెన్యూ వైపు ద్వారం నేల మట్టానికే ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే ఇటువైపే రావాలి, లోపల లిఫ్టులున్నాయి. రెండుచోట్లా బ్యాగు తనిఖీ ఉంటుంది. రాళ్ల మనుషులకు ఇక్కడే చిక్కు వస్తుంది: బ్యాగు అడుగున మర్చిపోయిన సుత్తి, ఉలి, గట్టిదనం పరీక్షకు పెట్టుకున్న చాకు, ఏదున్నా లోపలికి రానివ్వరు. 10 రెట్లు చూపే చేతి భూతద్దం, చిన్న టార్చి, నోటు పుస్తకం చాలు.

బసకు మూడు దారులున్నాయి. మ్యూజియానికి నడిచి వెళ్లేంత దగ్గర్లో హోటల్ తీసుకుంటే సుఖమే కానీ, కారుంటే పార్కింగ్‌కు రోజుకింత అని విడిగా బాగానే వసూలు చేస్తారు. కారు లేనివాళ్లకే అది లాభం. రెండోది నది అవతల ఆర్లింగ్టన్. అందులోనూ రాస్‌లిన్ మేలు. ఆరెంజ్, సిల్వర్, బ్లూ మూడు మెట్రో రైళ్లూ అక్కడ ఆగుతాయి, ఐదో స్టేషనే మ్యూజియానికి దగ్గరైన ఫెడరల్ ట్రయాంగిల్. క్రిస్టల్ సిటీలో దిగినవాళ్లు బ్లూ లైన్ ఎక్కితే అది చుట్టూ తిరిగి వస్తుంది. ఎల్లో లైన్‌లో ల్యాన్‌ఫాంట్ ప్లాజా దాకా వెళ్లి, అక్కడ రైలు మారితే ఒక్క స్టేషన్‌లో స్మిత్‌సోనియన్. మూడోది హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు. ఆఫీసులు ఎక్కువున్న చోటు కావడంతో శని ఆదివారాల్లో గదులు కాస్త చౌక, తెలుగు భోజనం కూడా దొరుకుతుంది. 2022 నవంబర్ నుంచి సిల్వర్ లైన్ డల్లస్ విమానాశ్రయం మీదుగా ఆష్‌బర్న్ దాకా నడుస్తోంది. గంటకు పైగా ప్రయాణం, కానీ రైలు మారే పని లేదు. వారాంతాల్లో మెట్రో స్టేషన్ల పార్కింగ్ ఉచితం. కుటుంబంతో వచ్చేవాళ్లకు ఈ మూడోదే సరైనది. కారేసుకుని మాల్ దాకా రావడం మాత్రం వద్దు. మ్యూజియానికి సొంత పార్కింగ్ లేదు, వీధిలో చోటు వెతుక్కునేసరికి ప్రశాంతమైన మొదటి గంట కాస్తా పోతుంది.

ఆ మొదటి గంట ఎందుకంత విలువైనదంటే, 11 దాటాక హోప్ చుట్టూ నాలుగు వరసల జనం చేరతారు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూల రోజులు, ఆపైన వేసవి దాకా బడిపిల్లల బస్సులు. 10 గంటలకు ద్వారం తెరవగానే ఏనుగు దగ్గర ఆగకుండా పైకి వెళ్తే హోప్‌ను నాలుగు వైపుల నుంచీ తీరిగ్గా చూడొచ్చు. పీఠం ఆగి ఆగి తిరుగుతుంది కాబట్టి ఒకచోటే నిలబడినా చాలు.

చూసిన చాలామంది ‘ఇంతేనా’ అంటారు. వజ్రం 45.52 కేరట్లు, అంటే 9 గ్రాముల చిల్లర. పొడవు 25.6 మిల్లీమీటర్లు. ఆకాశ నీలం కాదు, బూడిద కలిసిన ముదురు నీలం. చుట్టూ పొదిగిన 16 తెల్ల వజ్రాలే ముందు మెరుస్తాయి. అందుకే నగను వదిలి రాయిని చూడాలి. ఆ నీలానికి కారణం బోరాన్. పది లక్షల కార్బన్ పరమాణువుల మధ్య ఒకటీ అరా బోరాన్ చేరినా ఎరుపు కాంతి పీల్చుకుపోయి నీలం మిగులుతుంది. అతినీలలోహిత కాంతి పడేసి ఆర్పితే ఇదే రాయి చీకట్లో నిప్పుకణికలా ఎర్రగా కాసేపు వెలుగుతుంది. అది ప్రయోగశాలలో మాత్రమే చూపించేది, కేసు ముందు ఎంతసేపు నిలబడినా కనపడదు. ఇలాంటి బోరాన్ నీలి వజ్రాలు భూమిలో 660 కిలోమీటర్లకు దిగువన పుట్టి ఉంటాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

అంత లోతు నుంచి వచ్చిన రాయి బహుశా మన కృష్ణ ఒడ్డున, పల్నాడులోని కొల్లూరు కంకరలో దొరికింది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కొన్నప్పుడు అది పాత కేరట్లలో 112కు పైగా తూగేది. 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. 1673లో దాన్ని సానబట్టి 67 చిల్లరకు తగ్గించారు. 1792లో ఆ నగ దొంగల పాలైంది, మళ్లీ సాన పడి ఈ రూపానికి వచ్చింది. 1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ దీన్ని మ్యూజియానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. తపాలా ఖర్చు 2 డాలర్ల 44 సెంట్లు, ఇన్సూరెన్స్‌తో కలిపి మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు. ఆ పొట్లం మీది కాగితం యూనియన్ స్టేషన్ పక్కనున్న తపాలా మ్యూజియంలో ఉంది. కొల్లూరు మాత్రం ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. ఆ గనిని చూడాలంటే ఇక దారి లేదు, ఈ గాజు పెట్టె ఒక్కటే.

అదే గదిలో గోడల వెంట ఐదు పెద్ద రాళ్లుంటాయి: నమీబియా క్వార్ట్జ్ స్ఫటికాలు, మిషిగన్ సహజ రాగి పలక, ఫ్రాన్స్ ఇసుకరాయి ముద్ద, నునుపు పట్టిన నీస్ (వేడికి, ఒత్తిడికి మారి చారలు తేలిన రాయి), ఉంగరంలా ఉన్న టూసాన్ ఇనుప ఉల్క. వజ్రం వైపు తిరిగిన జనం వీటికి వీపు పెట్టి నిలబడతారు. మనకు ఇవే ముఖ్యం. నీస్‌లోని తెలుపు, నలుపు చారలు ఎక్కడ మడత పడ్డాయో వేలితో గాల్లో గీస్తూ చూస్తే, ఆ రాయి ముద్దలా మెత్తబడి ఎటు నలిగిందో తెలుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలు, బండలు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది పరాయి రాయిలా అనిపించదు.

తర్వాతి రత్నాల గదిలో ఎక్కువసేపు వద్దు, కానీ మూడింటి దగ్గర ఆగాలి. మహారాణి వైడూర్యం, 58.19 కేరట్ల శ్రీలంక రాయి. లోపల ఒకే దిశలో పేర్చుకున్న సన్నటి సూదుల వల్ల మధ్యలో ఆ పిల్లికన్ను గీత వస్తుంది. రోసర్ రీవ్స్ నక్షత్ర కెంపు, 138.7 కేరట్లు. ఇందులో రూటైల్ అనే ఖనిజపు సూదులు మూడు దిశల్లో ఉండటంతో ఆరు కిరణాలు. తల నెమ్మదిగా పక్కకు జరిపితే నక్షత్రం కూడా రాయి మీద జారుతుంది. పైన గీసిన బొమ్మ అయితే జారదు, నకిలీని పట్టడానికి నగల షాపులో కూడా ఇదే పరీక్ష. మూడోది డోం పెడ్రో ఆక్వామెరీన్, 10,363 కేరట్లు, 2 కిలోల పైమాటే. లోపల దీపం లేదు. వెనక వైపు చెక్కిన గాట్లు వెలుతురును ముందుకు తిప్పడం వల్లే అలా వెలుగుతుంది. పక్కకు వెళ్లి అంచు నుంచి చూస్తే ఆ గాట్లు కనిపిస్తాయి. నవరత్నాల పేర్లతో చూసేవాళ్లకు ఒక జాగ్రత్త: మన దగ్గర పుష్యరాగం అని అమ్మేది ఎక్కువగా పసుపు నీలమే, అంటే కురువిందం (కొరండం). ఇక్కడ టోపాజ్ అని రాసినది వేరే ఖనిజం. రెండూ ఒకటే అనుకుంటే లేబుళ్లు తికమక పెడతాయి.

అసలు విందు ఆ తర్వాతి ఖనిజాల గ్యాలరీ. కనీసం గంటన్నర ఇవ్వాలి. కేసుల్ని అందాన్ని బట్టి కాకుండా ఏ ప్రశ్నకు జవాబుగా పేర్చారో చూసి చదవాలి: రంగు ఎందుకొస్తుంది, ఆకారం ఎలా వస్తుంది, ఒక ఖనిజం మరోదాని అచ్చులోకి ఎలా చేరుతుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఘనాలు దీనికి మంచి ఉదాహరణ. కోసి అతికించారేమో అనిపించేంత సూటి అంచులు. దగ్గరగా వంగి చూస్తే ముఖం మీద ఒకదానికొకటి సమాంతరంగా సన్నటి గీతలుంటాయి, పక్క ముఖం మీది గీతలు వీటికి అడ్డంగా పోతాయి. మర పట్టిన ముక్కకు ఆ అమరిక రాదు. స్ఫటికం పెరిగేటప్పుడు రెండు రకాల ముఖాలు మెట్లు మెట్లుగా పోటీపడితే మిగిలిన గుర్తులవి. లేబుళ్ల మీద పూనా, జల్‌గావ్ పేర్లు కనపడితే ఆగండి. దక్కన్ బసాల్టు (గడ్డకట్టిన లావా రాయి) బుడగల్లో పుట్టిన జియోలైట్లు, అపోఫిల్లైట్లు అనే ఖనిజాలు ప్రపంచంలో ఏ మంచి సేకరణలోనైనా గౌరవం పొందే నమూనాలు.

గని గ్యాలరీలోకి అడుగు పెట్టగానే చీకటి. పిల్లలకు బాగా నచ్చుతుంది, పెద్దవాళ్లు మాత్రం కళ్లు అలవాటుపడే వరకు ఒక నిమిషం ఆగడం మంచిది. న్యూజెర్సీ స్టెర్లింగ్ హిల్ జింకు గని రాళ్లు అతినీలలోహిత కాంతిలో వెలుగుతాయి. ఎర్రగా వెలిగేది కాల్సైట్, ఆకుపచ్చగా వెలిగేది విల్లెమైట్. రెండింట్లోనూ వెలుగుకు కారణం కొద్దిపాటి మాంగనీసే. అది చేరిన ఇల్లు, అంటే ఖనిజం, మారితే రంగు మారుతుంది. హాలు మొత్తంలో ఇంత చక్కటి పాఠం మరోటి లేదు.

శిలల గది, భూ ఫలకాల గది దాటేసరికి జనం పల్చబడతారు, కాళ్లు కూడా లాగుతాయి. అందుకే ఉల్కలంటే ప్రాణమైనవాళ్లు, మధ్యాహ్నం తర్వాత వచ్చేవాళ్లు చివరి గదితో మొదలుపెట్టి వెనక్కి రావడం నయం. 1969లో మెక్సికోలో పడ్డ అయెండే ఉల్క కోసిన ముఖం మీద తెల్లటి మచ్చలుంటాయి. సౌరకుటుంబంలో మొదట గట్టిపడ్డ పదార్థం అదే, వయసు సుమారు 456 కోట్ల 70 లక్షల ఏళ్లు. ఇనుప ఉల్కల పలకల మీద అడ్డదిడ్డంగా అల్లుకున్న చారలు ఆమ్లంతో తుడిస్తే బయటపడ్డవి. నికెల్ తక్కువున్న లోహం, ఎక్కువున్న లోహం లక్షల ఏళ్ల పాటు నెమ్మదిగా చల్లబడుతూ విడిపోయిన గుర్తులు. మొదటి గదిలో చూసిన టూసాన్ ఉంగరంలో ఈ అల్లిక ఉండదు. దాని బదులు లోహంలో చిన్న చిన్న రాతి నలుసులు కనిపిస్తాయి. ఆ తేడా కోసం మళ్లీ మొదటి గదికి నడిచినా నష్టం లేదు.

ఫొటోలు సొంతానికి తీసుకోవచ్చు, ట్రైపాడ్ పనికిరాదు. ఫ్లాష్ వేస్తే గాజు మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. ఫోన్ లెన్సును గాజుకు ఆనించి, చుట్టూ నల్ల చున్నీయో స్వెటరో అడ్డం పెడితే ఎదుటి కేసు దీపాలు పడవు. నమూనా కంటే ముందు లేబుల్‌ను ఫొటో తీయాలి. ఇంటికెళ్లాక ఏది ఎక్కడిదో గుర్తుండదు, దొరికిన చోటు తెలియని ఖనిజం ఫొటో ఎందుకూ కొరగాదు.

తిండి విషయంలో పెద్ద ఆశలు వద్దు. లోపలి క్యాంటీన్‌లో శాకాహారులకు దొరికేవి తక్కువ, ధర ఎక్కువ. బయట బండ్ల మీద ధర రాసి లేకపోతే అడిగాకే ఆర్డర్ ఇవ్వాలి. పులిహోరో చపాతీలో కట్టుకొస్తే మాల్ పచ్చిక మీద కూర్చుని తినడం అన్నిటికంటే హాయి. ఉచిత ప్రవేశమే కాబట్టి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, తనిఖీ వరుసలో ఇంకోసారి నిలబడాలంతే. ఇక పిల్లలకు రాళ్లు కొనేటప్పుడు, ఏ ఊరి షాపులోనైనా సరే, గులాబీ, ముదురు నీలం అగేట్ పలకలు చాలావరకు రంగేసినవని గుర్తుంచుకోండి.

ఇంకా ఓపిక ఉంటే మాల్ వెంట తూర్పుకు నడిచి అమెరికన్ ఇండియన్ మ్యూజియం దాకా వెళ్లండి. దాని ఆవరణలో బయటే కెనడా అకాస్టా నీస్ బండ ఉంది, సుమారు 4 టన్నులు. అకాస్టా నీస్ వయసు 400 కోట్ల ఏళ్ల పైన. గాజు లేదు, చేత్తో తాకొచ్చు. పడమటికి నడిచేవాళ్లు వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని సాయంత్రం ఎండలో చూడాలి. సుమారు 150 అడుగుల ఎత్తులో పాలరాయి రంగు మారుతుంది. 1854లో డబ్బుల్లేక పని ఆగి, 1879లో మళ్లీ మొదలయ్యేసరికి అదే రంగు రాయి దొరకలేదు. స్మిత్‌సోనియన్ మెట్రో మెట్లు స్తంభానికి తూర్పున ఉంటాయి కాబట్టి, పడమటి ఎండ పడుతున్నప్పుడు ఆ గీత స్పష్టంగా కనిపించాలంటే స్తంభం దాటి అవతలి వైపు నుంచి చూడాలి.